జయపురం చేరని లీలారాణి మెయిల్

కొత్తవలస స్టేషన్ నుంచి బజారు వైపు నడుస్తుంటే, మందుల షాపు దాటగానే ఒక మేడ కింది గదిలో తెల్లటి గౌన్లు వరసగా వేలాడుతుంటాయి. కొత్తవాళ్లు డాక్టర్ల కోట్లనుకుని లోపలికెళ్లి బీపీ చూడమన్న సందర్భాలు కూడా ఉన్నాయి! అవి చర్చిలో పాటలు పాడే క్వయర్ వాళ్ల గౌన్లు. కుట్టేది మా లీలారాణి. టీచరుద్యోగం చేసిన నోరు కదా, ఆవిడ గురించి మొదలుపెడితే నాకు ఆపడం చేతకాదు కాబట్టి ఒక్క వారం సంగతే చెబుతాను.

వాళ్ల నాన్న మిషన్ కాంపౌండులో దర్జీ. పాస్టరుగార్ల అంగీలు కుట్టేవాడు. ఆ చెయ్యే కూతురికి వచ్చింది. భర్త బెన్హర్ రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు పొద్దున పూట గౌన్లకు ఇస్త్రీ చేస్తాడు, మిగతా పూటంతా పెళ్లాం పనికి వ్యాఖ్యానం చేస్తాడు. మిషను దగ్గర ఇంకొకామె ఉంటుంది, కూర్మమ్మ. సముద్రం ఒడ్డున వేటకెళ్లే ఇంట్లో పుట్టిన మనిషి. వలలు అల్లిన వేళ్లు కదా, కాలరు మీద ఆమె కుట్టు చూస్తే కొలబద్ద పెట్టి గీసినట్టుంటుంది.

ఈ మధ్య లీలారాణి దుకాణం పేరుతో సొంత డొమైను, అదే మెయిల్ అడ్రసులో @ గుర్తు తర్వాత వచ్చే పేరు, కొనుక్కుంది. ఊరికే దొరికే మెయిల్ అడ్రసు నుంచి రేట్లు పంపితే పెద్ద చర్చిల కమిటీలు నమ్మడం లేదని ఆవిడ బాధ. ఇప్పుడు రాతకోతలన్నీ ఒక మెయిల్ కంపెనీ పెట్టె నుంచి వెళ్తాయి. రేట్ల కాగితాలు, బిల్లులు మాత్రం ఇంకో కంపెనీ వాళ్ల బిల్లుల యాప్ నుంచి వెళ్తాయి. రెండింటి మీదా పంపినవారి పేరు దుకాణానిదే.

అదిగో, అప్పుడు వచ్చింది ఒడిశా జయపురం కబురు. మన కొత్తవలస దగ్గర చీలే కిరండూల్ లైను మీద ఉన్న ఊరే. అక్కడి పాత చర్చి క్వయరు మొత్తానికి క్రిస్మస్‌కి కొత్త గౌన్లు కావాలట. శనివారం సాయంత్రం కమిటీ కూర్చుని దుకాణాన్ని ఖాయం చేస్తుంది. ఆ ఏడాది మిగతా ఆర్డర్లు పలచగా ఉన్నాయి. ఇది కూడా చేజారితే కూర్మమ్మని పండగ దాకా పనిలో ఉంచుకోవడం కష్టమని లీలారాణి నాతో చెప్పింది, ఆమెతో చెప్పలేదు.

రేట్లు పంపింది. జవాబు లేదు. ఫోను చేస్తే కమిటీ కార్యదర్శి ధనరాజ్ గారు, "వందనాలమ్మా, మీ మెయిల్ స్పామ్ పెట్టెలో పడుంది. దాన్ని మేం లెక్కలోకి తీసుకోలేం, సరిచేసి మళ్లీ పంపండి" అన్నారు.

"వాట్సాప్‌లో పెట్టీమంటారా అయ్యగారూ?"

"వద్దమ్మా. పోయినేడు ఎవరో మాకు గుడ్డ అమ్మే షాపు పేరుతో దొంగ మెయిల్ పంపి, బ్యాంకు ఖాతా మార్చి ముంచేశారు. పంపింది ఎవరో రుజువైన మెయిలే తీసుకోవాలని కమిటీ తీర్మానం."

నిజమే మరి! మెయిల్లో పంపినవారి పేరు ఎవరైనా ఏదైనా రాసేసుకోవచ్చట. కవరు మీద కలెక్టరుగారి పేరు రాసి నేను పోస్టు డబ్బాలో వేస్తే డబ్బా ఆపుతుందా? ఇదీ అంతే. అందుకే డొమైను ఉన్నవాళ్లు దాని సెట్టింగుల్లో, లోకమంతా చూసే చోట, 'మా పేరుతో మెయిళ్లు తెచ్చేవాళ్లు ఫలానా ఫలానా కంపెనీలు, మరెవరూ కాదు' అని రాసి పెట్టాలట. దాన్ని ఎస్పీఎఫ్ అంటారు. అవతలి పెట్టె దగ్గర కాపలా ఉన్నది ఆ రాత చూసి, తెచ్చినవాడు అందులో ఉంటేనే నమ్ముతుంది.

మెయిల్ కంపెనీ వాళ్ల సహాయం పేజీలో ఇదంతా చదవగానే లీలారాణికి ఎక్కేసింది. ఎందుకంటే వాళ్ల చర్చిలో కోతకాలపు పండుగ ముందు కానుకలు పోగుచేయడానికి ఇళ్లకు ఎవరొస్తారో బోర్డు మీద పేర్లు అంటిస్తారు. బోర్డులో లేని మనిషి రసీదు పుస్తకం పట్టుకొస్తే మంచినీళ్లిచ్చి పంపేస్తారు, కానుక ఇవ్వరు. పురుషుల సమాజం వాళ్లు ఒక కాగితం అంటిస్తారు, స్త్రీల సమాజం వాళ్లు వేరే కాగితం అంటిస్తారు. ఎవరిది వారిదే.

"ఇంతేనా! మన బోర్డులాటిదే" అని ఆవిడ ఫోను తీసుకుంది. ఆ పేజీలోనే సెట్టింగుల్లో పెట్టాల్సిన అక్షరాల వరస ఒకటి ఉంది, దాన్ని పెట్టింది. బిల్లుల కంపెనీ పేజీలో ఇంకో వరస ఉంది, దాన్ని కింద వేరే పెట్టింది. రెండు సమాజాలు, రెండు కాగితాలు. తృప్తిగా మళ్లీ మెయిల్ పంపింది.

ఈసారి స్పామ్‌లో కూడా పడలేదు. గుమ్మంలోంచే తిరిగొచ్చేసింది!

శుక్రవారం పొద్దున నేను వెళ్లేసరికి మిషన్లు ఆగున్నాయి. బెన్హర్ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి మరీ మాట్లాడుతున్నాడు.

"ఒసే లీలా, ఉన్నదాన్ని బాగుసేస్తానని ఇంకా పాడుసేసినావే. ముందు కనీసం సెత్తబుట్ట దాకా ఎల్లింది."

"నువ్వూరుకోయ్యా. టీచరమ్మా, మీరైనా సెప్పండి, ఈ మనిషితో నానెలా పడతన్నానో!"

"నన్ను సూస్తే ఆవిడకి అర్థమవతాదిలే" అన్నాడు బెన్హర్.

మెయిళ్లను పరీక్ష చేసి మార్కులు వేసే వెబ్‌సైట్లు ఉంటాయని లీలారాణి ఎక్కడో చదివిందట. అలాంటి ఒక చోటికి మెయిల్ పంపింది. మార్కులనగానే నాకు ప్రాణం లేచొచ్చి కుర్చీ ముందుకు జరుపుకున్నాను. పదికి మూడు వచ్చాయి.

"ఓలమ్మా! మూడా?" అంది కూర్మమ్మ.

"మా ఆవిడికి లెక్కల్లో కూడా అంతకన్నా ఎక్కువే వచ్చేయి" అన్నాడు బెన్హర్.

కింద ఎర్ర అక్షరాల్లో తప్పేమిటో రాసుంది. ఎస్పీఎఫ్ వరసలు రెండు ఉన్నాయి, అందుకని రెండూ చెల్లవు అని. లీలారాణికి కోపం వచ్చింది.

"రెండుంటే తప్పేటి? మన బోర్డు మీద ఉండవా? పురుషులది ఒకటి, స్త్రీలది ఒకటి. ఎన్నేళ్లబట్టి సూస్తన్నాం!"

డొమైను అమ్మిన కంపెనీకి ఫోను చేసింది. శాంతి అనే అమ్మాయి ఎత్తింది, విజయనగరం పిల్లేనట. అప్పుడిక ఇద్దరూ ఇల్లు, వాకిలీ, కూరలూ మొదలెట్టేశారు. నేనే గడియారం చూపించాల్సొచ్చింది. అప్పుడు లీలారాణి రెండు వరసల సంగతీ, చర్చి బోర్డు సంగతీ చెప్పింది.

"ఆంటీ, మీ బోర్డు దగ్గరకి వచ్చేవాళ్లు మీ ఊరోళ్లే కదా? ఒక కాగితంలో పేరు లేకపోతే రెండోది సూస్తారు. ఇక్కడ సూసేది మిషను. దానికి ఒకే కాగితం ఉండాలన్నది రూలు. రెండు కనిపిస్తే ఏది నిజమో తేల్చుకోదు, రెండూ వదిలేస్తాది."

"మరేటి సెయ్యమంటావు తల్లీ?"

"రెండూ తీసేసి ఒకటే పెట్టండి. అందులోనే మెయిల్ కంపెనీ పేరు, దాని పక్కన బిల్లుల కంపెనీ పేరు. మొదట్లో ఉన్న వెర్షన్ ముక్క ఒక్కసారే రావాలి, ఆఖరి ముక్క కూడా ఒక్కసారే."

"అంటే రెండు సమాజాల్నీ ఒకే కాగితం మీద కూసోబెట్టాలి" అన్నాడు బెన్హర్. "అది మన పాస్టరుగారి వల్లే అవనేదు, నీ వల్లవతాదా?"

అయింది. ఒక్కో చుక్కా, ఒక్కో ఖాళీ శాంతి చెబుతుంటే, పెదాల మధ్య గుండుసూది పెట్టుకుని అంచు మడిచేటప్పటి మొహంతో లీలారాణి కొట్టింది. పనిలో పనిగా ఆ అమ్మాయి ఇంకో రెండు చేయించింది. ఒకటి డీకిమ్, అంటే ప్రతి మెయిల్‌కీ కంటికి కనపడని సీలు. దారిలో ఎవరైనా ఖాతా నంబరు మారిస్తే సీలు సరిపోదు, దొంగతనం బయటపడుతుంది. రెండు కంపెనీల్లోనూ ఆ సీలు వేయించాలి. రెండోది డీమార్క్. మన పేరుతో వచ్చి పరీక్ష తప్పిన మెయిళ్లను ఏం చేయాలో అవతలివాళ్లకు మనం చెప్పి ఉంచే మాట.

"ఏం చెయ్యమందాం ఆంటీ? ఆపీమందామా?"

"తొందరెందుకు తల్లీ. ముందు ఊరికే సూసి, ఎవరెవరు వస్తన్నారో నాకు సెప్పమను."

"అదే మంచిది. అన్నీ సరిగ్గా వెళ్తన్నాయని తెలిసేక గట్టి సేద్దురు."

సెట్టింగులు లోకమంతా పాకడానికి కొన్ని గంటలు పడుతుందని చెప్పి శాంతి ఫోను పెట్టేసింది. ఆ కొన్ని గంటలూ లీలారాణి ఒకే కాలరు కుట్టి విప్పి, కుట్టి విప్పి మమ్మల్నందర్నీ చంపింది. సాయంత్రం మళ్లీ పరీక్షకు పంపితే పదికి తొమ్మిదిన్నర వచ్చింది. ఆ అరమార్కు ఎందుకు తగ్గించారో కనుక్కుందామని నేనన్నాను గానీ ఎవరూ నా మాట వినలేదు. బిల్లుల యాప్ నుంచి రేట్ల కాగితం జయపురం వెళ్లింది. తిరిగి రాలేదు. పావుగంటలో ధనరాజ్ గారి ఫోను.

"చేరిందమ్మా, అసలు పెట్టెలోనే ఉంది. రేపు కమిటీ ముందు పెడతాను."

శనివారం చీకటి పడ్డాక మెయిల్ వచ్చింది. గౌన్లు మీవే, కొలతలకు రండి అని. లీలారాణి అది చదివి కూర్మమ్మ వైపు తిరిగి, "పండగ దాకా నీకు తీరికుండదు, ఇంట్లో సెప్పీసుకో" అంది. అసలు తీరిక ఎందుకుండాలో కూర్మమ్మకి అర్థం కాలేదు.

మరుసటి వారం ముగ్గురం కిరండూల్ పాసింజరెక్కాం. మూడోదాన్ని నేనే, పిలవకుండానే ఎక్కాను. మేం వెళ్లేసరికి జయపురం చర్చిలో ప్రాక్టీసు నడుస్తోంది. ఆపుతామన్నారు. "ఆపొద్దు, పాడతా ఉండండి" అని లీలారాణి టేపు తీసి వరసలోకి దూరింది. ఊపిరి నిండా పీల్చి పైస్థాయి అందుకునేటప్పుడే ఛాతీ కొలత తీసుకోవాలట, లేకపోతే పండగ రోజు గౌను పట్టేస్తుందట. ఒక లావుపాటి పెద్దాయన దగ్గర టేపు పట్టుకుని నిలబడింది. ఆయన ఎంతకీ పైకి వెళ్లడే!

"ఇంకా కొంచెం పైకి అయ్యగారూ" అంది లీలారాణి.

ఆయన పాపం కళ్లు మూసుకుని అందుకున్నాడు. కూర్మమ్మ కొలత రాసుకుంది.