ఎదిగే పిల్లకి కొన్న సైకిల్

గుంటూరు మిర్చి యార్డులో ఇరవై ఏళ్ళుగా వ్యాపారులకి కాయ కొనిపెట్టడం నా పని. టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి, నాలుగు కాయలు తీసి, ఒకటి విరిచి, మిగతావి చెవి దగ్గర గలగలలాడించి తేమ ఎంతో చెప్పేస్తాను. రంగు పోయిన తాలుకాయ అడుగున దాచి పైన ఎర్రటి కాయ పరిచిన మనిషిని ముఖం చూసే పట్టేస్తాను. ఇలాంటి పని చేసేవాడికి ఒక జబ్బు అంటుకుంటుంది. లోకంలో ప్రతి సరుకూ తనకే తెలుసనీ, తక్కినవాళ్ళంతా వెర్రివెంగళప్పలనీ అనుకుంటాడు. నాకా జబ్బు బాగా ముదిరింది.

మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడులో ఉండగా రోడ్ బైక్ కావాలంది. మోటారు బండి కాదు, సైకిలే. సన్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు. స్టాండు ఉండదు, క్యారియర్ ఉండదు. అప్పటిదాకా ఇంట్లో ఉన్న పాత సైకిల్ మీద రోజూ తెల్లారేసరికి పేరేచర్ల దాకా వెళ్ళి వచ్చేది. దాని కోరిక ఒక్కటే. దర్శిలో ఉన్న మా అక్క ఇంటికి సైకిల్ మీద వెళ్ళాలి, ఒక్క పూటలో. నూరు కిలోమీటర్ల పైమాటే.

"ఈ డొక్కుతో అవ్వదు నాన్నా. మంచిదొకటి కొనిపెట్టు. మధ్యాహ్నానికల్లా అత్తయ్య ఇంట్లో అన్నం తినకపోతే అప్పుడడుగు" అంది.

ఆ పొగరు నాకు నచ్చింది. నా పిల్లే అనిపించింది.

యార్డు బయట టీ తాగుతూ ఈ సంగతి చెబితే నా స్నేహితుడు పకపకా నవ్వాడు. "ఏరా, ఆ డబ్బుకి స్కూటర్ వచ్చుద్ది గదరా! కాళ్ళు నొప్పులు పుట్టించుకోడానికి అంత పెడతారంట్రా ఎవరన్నా?" అన్నాడు. వీధి చివర కిళ్ళీ కొట్టుకి కూడా బండి తీసే మనిషి వాడు. నడిచి వెళ్తే పరువు పోతుందని భయం. వాడి సలహా ఎవడికి కావాలి?

పోనీ సైకిల్ తొక్కేవాళ్ళని అడుగుదామా అంటే, మా ఊళ్ళో ఆ బృందం ఇంకో రకం. బిగుతు బట్టల్లోంచి బొజ్జలు తన్నుకొస్తుంటాయి. పది కిలోమీటర్లు తొక్కుతారు, ఇరవై ఇడ్లీలు తింటారు, నలభై ఫోటోలు పెడతారు. నా సైకిల్ కార్బన్ అని ఒకడు, నీ కార్బన్ కంటే నా టైటానియం గొప్ప అని ఇంకొకడు. ముందు మీ పొట్ట ఓ నాలుగు కిలోలు తగ్గించుకోండయ్యా, అదే చవక అనాలనిపించింది. వాళ్ళనీ అడగలేదు. నాకు నా కన్ను చాలు.

అమ్మాయిని తీసుకుని విజయవాడలో ఒక దుకాణానికి వెళ్ళాను. షాపాయన నా ఈడువాడే, నెమ్మదిగా మాట్లాడతాడు. ఎక్కడ తొక్కుతారు, ఎంతసేపు తొక్కుతారు అని అమ్మాయినే అడిగాడు. దూరాలు వెళ్ళేవాళ్ళకి పందేల సైకిల్ వద్దన్నాడు. హ్యాండిలు కాస్త ఎత్తుగా ఉండాలి, మన రోడ్లకి కొంచెం వెడల్పు టైరు పట్టాలి, ఎదురుగాలికి తేలిక గేర్లు ఉండాలి అని చెప్పాడు. చెప్పి, టేపు తీసి అమ్మాయి కాళ్ళ పొడవు, చేతుల పొడవు కొలవడం మొదలుపెట్టాడు.

"ఏమండీ, సైకిల్ అమ్ముతున్నారా, బట్టలు కుడుతున్నారా?" అన్నాను.

ఆయన నొచ్చుకోలేదు. "అన్నిటికంటే ముందు సైజండీ. సీటు మార్చుకోవచ్చు, టైర్లు మార్చుకోవచ్చు. ఫ్రేమ్ మార్చలేం. పాపగారికి నలభై తొమ్మిది సైజు సరిపోతుంది" అన్నాడు.

దాని పక్కనే యాభై నాలుగు ఉంది. అదే రకం, అదే నీలం రంగు, అదే ధర. రెండూ ఎత్తి చూశాను. పెద్దది కాస్త బరువుంది. ఒకే ధరకి ఎక్కువ సరుకొస్తుంటే తక్కువది తీసుకునేవాడు ఎవడైనా ఉంటాడా? మా యార్డులో ఆరి తేలికైన కాయకే ధర ఎక్కువ పలుకుతుందన్న సంగతి ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు.

పైగా మా ఇళ్ళల్లో పిల్లలకి ఏది కొన్నా ఒక సైజు పెద్దదే. గౌను అంచు లోపలికి మడిచి కుట్టిస్తాం. బూట్ల ముందు దూది కుక్కుతాం. రెండేళ్ళు రావాలి మరి!

"పెద్దదే ఇవ్వండి. ఎదిగే పిల్ల" అన్నాను.

పంతొమ్మిదేళ్ళ పిల్ల ఇంకెక్కడికి ఎదుగుతుంది, కొబ్బరిచెట్టా? ఆ ముక్క షాపాయన అనలేదు, మర్యాదస్తుడు. "చేతులు అందవండీ. దూరం వెళ్తే మెడా అరచేతులూ పట్టేస్తాయి" అన్నాడు. "నాన్నా, నాకు చిన్నదే హాయిగా ఉంది" అంది అమ్మాయి. "నువ్వూరుకో, నీకేం తెలుసు" అన్నాను. అమ్ముడుపోని చిన్నదాన్ని మాకు అంటగట్టాలని చూస్తున్నాడని నా లెక్క. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. సీటు అడుగంటా దింపించి పెద్దదే పట్టుకొచ్చాను.

రెండు నెలలు దాని మీద సాధన చేసింది. నరసరావుపేట దాకా వెళ్ళి వచ్చి, గుమ్మంలో కూర్చుని అరచేతులు రుద్దుకుంటూ ఉండేది. అలవాటు పడాలిలే అనుకున్నాను.

దర్శికి బయలుదేరిన రోజున నేను నీళ్ళు, అరటిపళ్ళు పెట్టుకుని కారులో వెనకే వెళ్ళాను. చిలకలూరిపేట దాకా బాగానే తొక్కింది. ఆ తర్వాత పత్తి చేల మధ్య మాటిమాటికీ ఒక చెయ్యి వదిలి విదిలించడం మొదలుపెట్టింది. అద్దంకి దాటగానే ఆపేసి దిగింది. నీళ్ళ సీసా ఇస్తే మూత తిప్పలేకపోయింది.

"వేళ్ళు మొద్దుబారిపోయాయి నాన్నా. బ్రేకు పట్టుకోలేకపోతున్నా."

జాలిపడాల్సిన చోట నాకు ఒళ్ళు మండింది. "అందుకే అంటారు ఆరంభశూరత్వమని. మూడునాళ్ళ ముచ్చటని నాకు ముందే తెలుసు" అన్నాను. సైకిల్ని వెనక సీట్లో కుక్కి, అమ్మాయిని ముందు కూర్చోబెట్టి దర్శి తీసుకెళ్ళాను. అక్కడ కంచంలో అన్నం కలపబోతే దాని వేళ్ళు ముడుచుకోలేదు. మా అక్కే ముద్దలు చేసి నోట్లో పెట్టింది. "బాగుంది, మళ్ళీ చంటిపిల్లవయ్యావు" అని నవ్వాను. అది నవ్వలేదు.

అమ్మాయి మళ్ళీ ఆ సైకిల్ ముట్టుకోలేదు. యార్డులో ఈ కథ ఎంతమందికి చెప్పి నవ్వించానో! ఈ కాలం పిల్లలకి దమ్ము లేదని ఉపన్యాసాలు కూడా ఇచ్చాను. ఆరు నెలల తర్వాత అమ్మకానికి పెడితే పిడుగురాళ్ళ నుంచి ఒక స్కూలు మాస్టారు వచ్చాడు. తాడిచెట్టంత మనిషి, మోకాళ్ళ పైకి బిగుతు నిక్కరు. వీడొకడు తయారయ్యాడనుకున్నాను. సీటు జానెడు పైకి లేపుకుని వీధిలో రెండు చుట్లు తిరిగొచ్చాడు.

"నాకోసమే చేసినట్టుందండీ! మీరు తొక్కేవారా?"

"మా అమ్మాయి."

అప్పుడే మా అమ్మాయి మజ్జిగ తెచ్చింది. అతని గుండెల దాకా కూడా రాదు. అతను సైకిల్ వైపు చూశాడు, అమ్మాయి వైపు చూశాడు. "దీని మీద ఎంత దూరం వెళ్ళారమ్మా?" అన్నాడు.

"అద్దంకి దాకా అండీ."

"గుంటూరు నుంచా? ఇంత సైజు మీదా?" గ్లాసు పక్కన పెట్టేశాడు. "మా చెల్లెలు మీ ఎత్తేనమ్మా. దీని మీద పది కిలోమీటర్లు తొక్కమంటే ఏడ్చేది. మీకు సరైన సైకిల్ ఉంటే ఆ రోజు ఎక్కడిదాకా వెళ్ళేవారో!"

నాకు తల కొట్టేసినట్టయింది. అతను సైకిల్ తీసుకుని వెళ్ళాక కూడా గేటు దగ్గరే నిలబడ్డాను. ఎవరినైనా తిడదామంటే నేను తప్ప ఎవరూ కనిపించలేదు.

"అద్దంకి దగ్గర దిగినప్పుడే చెప్పొచ్చుగా, సైకిల్ పెద్దదైందని?" అన్నాను అమ్మాయితో.

"చెప్తే ఏమనేవాడివి నాన్నా?"

ఆడలేక మద్దెల ఓడు అనేవాణ్ణి. అది నాకూ తెలుసు, దానికీ తెలుసు.

"తప్పు నాదే. ఆదివారం విజయవాడ వెళ్దాం. నీ కొలతకి సరిపోయేదే కొందాం" అన్నాను. అందులో మొదటి రెండు ముక్కలూ నా జన్మలో ఎవరితోనూ అనలేదు.

అది మజ్జిగ గ్లాసులు తీసింది.

"కొనుక్కుంటా నాన్నా. దర్శి కూడా వెళ్తా. కానీ నువ్వు షాపుకీ రావద్దు, వెనక కారులోనూ రావద్దు" అంది.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి.