చెప్పుల వరుస

జూన్ రెండో వారంలో ఉదయం ఐదూ నలభైకి రాజమహేంద్రవరం స్టేషన్‌లో దిగాను. ఒక నల్ల ట్రంకు పెట్టె, ఒక బెడ్డింగు, జేబులో బదిలీ కాగితం, మూవ్‌మెంట్ ఆర్డర్. వానలు ఇంకా మొదలుకాలేదు. ప్లాట్‌ఫారం దాటేసరికి చొక్కా వీపుకి అంటుకుంది. అంతకు ముందు రెండేళ్ళు పన్నెండు వేల అడుగుల ఎత్తున ఉన్నాను. అక్కడ మూడు జతల మేజోళ్ళు తొడిగేవాణ్ణి.

ఈ పోస్టింగూ రెండేళ్ళే. కాలేజీ క్యాడెట్లకు డ్రిల్లు, పరుగు నేర్పాలి. మా ఊరు నిడదవోలు, రైలెక్కితే ఎంతో దూరం లేదు. సైన్యంలో మావాళ్ళు ఇలాంటి పోస్టింగుని సగం సెలవు అంటారు. మంచు లేదు, తుపాకీ మోత లేదు. ఇరవై ఏళ్ళ సర్వీసులో నా వల్ల ఒక మనిషి పడిపోయింది మాత్రం ఇక్కడే.

యూనిట్‌లో హర్యానా నుంచి వచ్చిన సుబేదార్ సాబ్, హవల్దార్‌గా నేను, ఒక గుమాస్తా, కడియం వాడైన సివిలియన్ డ్రైవరు. డ్రైవరు అంతకు ముందు నర్సరీల మొక్కలు లారీలో నాగపూర్ దాకా తోలేవాడు. నలభై రెండు మంది క్యాడెట్లు. ఐదున్నరకి ఫాలిన్, అందరూ వరుసల్లో నిలబడాలి. ఆరింటి వరకు వ్యాయామం, ఆ తర్వాత పరుగు. ఏడింటికి డిస్మిస్.

మొదటి వారంలోనే గ్రౌండుకి పడమటి అంచున సున్నంతో ఒక గీత గీయించాను. ఒంట్లో బాగాలేదన్నవాళ్ళు బూట్లు విప్పి, చెప్పులు వేసుకుని ఆ గీత మీద కూర్చోవాలి. విప్పిన బూట్లు ముందు పెట్టుకోవాలి. మిగతావాళ్ళు పరిగెత్తుతుంటే రౌండ్లు పైకి లెక్కపెట్టాలి. ఇది నేను కనిపెట్టింది కాదు. నేను రిక్రూటుగా ఉన్నప్పుడు మా ట్రైనింగ్ సెంటర్లో ఉండేది. మోకాలి కింద ముందు ఎముక, ముంగాలి నొప్పితో నాలుగు రోజులు కూర్చున్నాను. ఐదో రోజు తగ్గిందని అబద్ధం చెప్పి పరిగెత్తాను. వారానికి నొప్పి నిజంగానే పోయింది. పరిగెడితే తగ్గుతుందని అప్పుడే నేర్చుకున్నాను. అదృష్టాన్ని పాఠమనుకున్నాను.

క్యాడెట్లు దాన్ని చెప్పుల వరుస అనేవారు. గీత మీద ఎవరైనా కూర్చుంటే పక్క నుంచి పరిగెత్తేవాళ్ళు ఊరుకునేవారు కాదు.

"ఏంట్రా, పెన్షన్ ఎప్పట్నుంచి?"

"తాతగారూ, మందులు వేసుకున్నారాండీ?"

నేను విననట్టు ఉండేవాణ్ణి. రెండు నెలలయ్యేసరికి గీత ఖాళీ అయింది. సుబేదార్ సాబ్‌కి గొప్పగా రిపోర్ట్ ఇచ్చాను, సిక్ సున్నా అని.

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "నలభై రెండు మంది రోజూ పరిగెత్తుతుంటే ఒక్కరికీ నొప్పి లేదా? ఎవరో అబద్ధం చెబుతున్నారు హవల్దార్. వాళ్ళైనా, నువ్వైనా."

నవ్వేశాను. ఆయన నవ్వలేదు.

భవాని ఆ బ్యాచ్‌లో పదకొండో నంబరు. అప్పటికి నేను వచ్చి రెండో ఏడు, ఆమెకి డిగ్రీ ఆఖరి సంవత్సరం. ధవళేశ్వరంలో ఏటి ఒడ్డున ఇల్లు. తండ్రి లేడు. తల్లి చేపలు అమ్ముతుంది. సైన్యంలో చేరాలని పట్టుదల. ఆ ఏడాది దాటితే వయసు దాటిపోతుంది. ఏప్రిల్‌లో సైన్యం భర్తీ ర్యాలీ. మైలు పరుగుకి నేను పెట్టిన గడువు ఏడున్నర నిమిషాలు. ఫిబ్రవరిలో ఆమెకు ఏడూ యాభై పడుతోంది. ఇరవై సెకన్లు తగ్గాలి. ర్యాలీకి వెళ్ళే ఆరుగురికి మూడు వారాల్లో పరుగు పెంచాను. వారానికి పదిహేను కిలోమీటర్లు ఉన్నది నలభై చేశాను. ఆమె ఏడూ ముప్పై ఆరుకి వచ్చింది. సంతోషించాను.

మార్చి మొదట్లో ఒక ఆదివారం ఏదో ఫారం మీద సంతకానికి మా ఇంటికి వచ్చింది. మేము రెండో అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. ఆమె వెళ్ళాక నా భార్య వంటింట్లోంచి వచ్చింది. తను ఎప్పుడూ లైబ్రరీ పుస్తకంలో వేలు పెట్టుకునే మాట్లాడేది. ఆ రోజు పుస్తకం పక్కన పెట్టింది.

"ఆ అమ్మాయి మెట్టు మెట్టుకీ రెండు కాళ్ళూ ఆనించి ఎక్కుతోందండీ. మా నాయనమ్మ ఎక్కినట్టు."

"నిన్న పది కిలోమీటర్లు పరిగెత్తించాను. పట్టేసి ఉంటుంది."

"అడిగాను. గజ్జల్లో అంట. పడుకున్నా లాగుతోందంట. మీకు చెప్పొద్దంది."

"చెప్పొద్దంటే మరి చెబుతున్నావేంటి?"

"అందుకే చెబుతున్నాను."

వేడినీళ్ళ కాపడం పెట్టుకోమని చెప్పు అన్నాను. ఆడపిల్ల ఆ చోటు నొప్పి నాతో ఎలా చెబుతుందన్న ఆలోచన నాకు రాలేదు. నా భార్య మళ్ళీ పుస్తకం అందుకుంది. మరుసటి ఏడాది తను పోయింది, అది వేరే జబ్బు. మాట విననందుకు మళ్ళీ ఒకసారైనా దెప్పి ఉంటే బాగుండేది.

మంగళవారం ఐదున్నరకి ఫాలిన్. అందరూ మూడు వరుసల్లో నిలబడి ఉన్నారు. ఎదురుగా ఖాళీ సున్నం గీత. వరుస ముందు నిలబడి గట్టిగా అడిగాను.

"పదకొండు. ఏమైనా నొప్పా?"

నలభై ఒక్క తలలు తిరిగాయి.

"లేదు సార్."

అడిగాను కదా అనుకున్నాను. చాలా రోజులు ఆ మాట వెనకే దాక్కున్నాను. మెట్లు ఎక్కలేని మనిషిని నలుగురి ముందు నిలబెట్టి నొప్పా అని అడగడం అడగడం కాదు. అది నాకు అప్పుడే తెలుసని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

గురువారం టైం ట్రయల్. కాలవ గట్టు మీద ఎనిమిది వందల మీటర్లు వెళ్ళి తిరిగి రావాలి. గట్టి కంకర రోడ్డు. ఆకాశం తేటగా ఉంది, గాలి లేదు. మొదలు దగ్గర నేను, తిరిగే చోట డ్రైవరు. ఇద్దరి దగ్గరా వాకీటాకీలు. ఆరూ రెండుకి వదిలాను.

"సార్, పదకొండు తిరిగిందండి. రెండో ప్లేసు. ఓవర్."

"టైం చెప్పు. ఓవర్."

"మూడు నలభై రెండు. ఓవర్."

గడువులోపు వచ్చేలా ఉంది. స్టాప్‌వాచ్ కేసి చూస్తున్నాను.

"సార్, పదకొండు ఆగిందండి."

"ఆగొద్దను. నడవమను. ఓవర్."

"నడవట్లేదండి. పడిపోయింది. కాలు పక్కకి తిరిగిపోయిందండి. మీరు రండి సార్."

డ్రైవరు ఓవర్ అనలేదు. నేను పరిగెత్తాను. ఆమె గట్టు మీద వెల్లకిలా పడి ఉంది. కుడి పాదం పూర్తిగా బయటికి వాలి ఉంది, ఆ కాలు పొట్టిగా కనిపించింది. ఏడవట్లేదు. నన్ను చూసి, "సార్, ఇవాళ వచ్చేసేదండి ఏడున్నర" అంది.

తుంటి కీలులో తొడ ఎముక తలకి కింద, మెడ లాంటి చోట విరిగింది. అక్కడ చాలా రోజుల కిందటే సన్నని పగులు వచ్చిందని, దాని మీదే పరిగెత్తిందని ఎముకల డాక్టరు చెప్పాడు. మధ్యాహ్నం ఆపరేషన్, మూడు స్క్రూలు. ఎముక తలకాయకి రక్తం అందుతుందో లేదో ఏడాది దాకా చెప్పలేనన్నాడు. ర్యాలీ సంగతి ఎవరూ అడగలేదు.

శుక్రవారం పొద్దున్నే గీత చెరిపేశాను. చీటీలు పంచి, పేరు రాయకుండా నొప్పి ఎక్కడో, ఎప్పట్నుంచో రాయమన్నాను. పద్నాలుగు చీటీలు నిండి వచ్చాయి. మడమ, నెల నుంచి. మోకాలి చిప్ప కింద, దీపావళి నుంచి. ముంగాలు, రెండు కాళ్ళూ. సుబేదార్ సాబ్ అన్నీ చదివి తిరిగి నా చేతిలో పెట్టాడు. తిడితే నాకు తేలికయ్యేది.

ఆరు వారాలు ఆమె కాలు నేల మీద మోపలేదు. తర్వాత ఫిజియోథెరపీ. వారానికి నాలుగు రోజులు, ఉదయం పదింటికి, ధవళేశ్వరం నుంచి రాజమండ్రికి ఆటోలో నేనే తీసుకెళ్ళేవాణ్ణి. ఫిజియోథెరపీ డాక్టరుకి ముప్పై ఐదేళ్ళుంటాయి. మాట మెత్తగా ఉంటుంది, ప్రశ్న మెత్తగా ఉండదు. మొదటి రోజు నన్నే అడిగింది.

"ఎన్ని వారాల్లో ఎంత పెంచారండి?"

"మూడు వారాల్లో. పదిహేను నుంచి నలభై."

ఆవిడ పెన్ను ఆగింది. మళ్ళీ రాసింది.

"చూడండి, కండరమైతే పరిగెత్తే కొద్దీ వేడెక్కి సర్దుకుంటుంది. ఎముక సర్దుకోదు. పరిగెత్తే కొద్దీ ఎక్కువవుతుంది, పడుకున్నా లాగుతుంది. ఆ కాలి మీద ఒక్క నిమిషం నిలబడమన్నా అనుమానం వచ్చేది. ఎవరూ నిలబడమనలేదా?"

"లేదండి."

తర్వాత నన్ను బయట కూర్చోమంది. పావుగంటకి పిలిచి, ఈ అమ్మాయి ఉదయం ఏమీ తినకుండా పరిగెత్తేదని, మూడు నెలలుగా నెలసరి కూడా రాలేదని, అలాంటప్పుడు ఎముక అరుగుదలని పూడ్చుకోలేదని చెప్పింది. ఆ మాటలు నావైపు చూడకుండా చెప్పింది. నేను లేవబోతుంటే, "మీ ఎడమ మోకాలు ఎన్నాళ్ళ నుంచండి?" అంది.

"పంతొమ్మిదేళ్ళు."

"ఎవరికీ చెప్పలేదా?"

"లేదండి."

"మీ దగ్గరే నేర్చుకున్నారన్నమాట పిల్లలు."

ఆ పద్నాలుగు చీటీలూ ఆవిడకి చూపించాను. ఒక శనివారం గ్రౌండుకి వచ్చి ఒక్కొక్కరినీ విడిగా చూసింది. మడమ నొప్పి వాళ్ళని నీళ్ళ సీసా గడ్డకట్టించి అరికాలి కింద దొర్లించమంది. ముంగాలి వాళ్ళకి పరుగు సగం చేసి, మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించే పని పెట్టింది. ఇద్దర్ని ఎక్స్‌రేకి పంపింది. అవేవీ కష్టమైన పనులు కావు. ముందే ఎవరైనా అడిగి ఉంటే చాలు.

భవాని పని వేరు. పడుకుని తొడ బిగించి ఐదు అంకెలు లెక్కపెట్టడం. మడమ పరుపు మీద జార్చడం. పక్కకి తిరిగి కాలు జానెడు ఎత్తడం. అంతకు రెండు నెలల క్రితం మైలు పరిగెత్తిన కాలు ఆ జానెడుకి వణికేది. ఆటోలో ఆమె నాతో చదువు సంగతులు మాట్లాడేది. గీత గురించి ఒక్కసారి కూడా ఎత్తలేదు.

తల్లి మాత్రం వీధి వీధంతా చెప్పింది.

"కన్న తండ్రి కూడా ఇలా తిప్పడమ్మా. ఈ బాబుగారు దేవుడు."

ఆ మాట వినబడితే ఆటో తొందరగా పోనివ్వమనేవాణ్ణి.

మే ఆఖర్లో మూవ్‌మెంట్ ఆర్డర్ వచ్చింది. జూన్ రెండో తారీకు మధ్యాహ్నం రైలు. డ్రైవరు స్టేషన్ దాకా వచ్చి ట్రంకు పెట్టె ఎక్కించాడు. వంతెన మీద రైలు నెమ్మదించింది. గోదావరిలో నీళ్ళు తక్కువ, ఇసుక ఎక్కువ. రెజిమెంటుకి తిరిగి వెళ్ళాను. పై ఏడాది భార్య పోయాక పెన్షన్ తీసుకుని నిడదవోలు వచ్చేశాను. డ్రైవరు అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. భవాని కర్ర వదిలేసిందట. ఎముకకి రక్తం అందుతోందట. బ్యాంకు పరీక్షలు రాస్తోందట. పరిగెత్తడం లేదు.

ఆమె తల్లికి చదువు రాదు. ఇది ఆమె కంట పడదని తెలిసే రాస్తున్నానేమో.

బయల్దేరే ముందు రోజు ఉదయం ఏడింటికి వాళ్ళింటికి వెళ్ళాను. నిజం చెప్పేద్దామనే వెళ్ళాను. విరిగిన కాలి మీద ఎంత బరువు మోపాలో తెలియడానికి ఇంట్లో తూకం మిషన్ మీద అలవాటు చెయ్యమని ఫిజియోథెరపీ డాక్టరు చెప్పింది. ఇరవై కిలోల దాకా. ఆ ఇంట్లో ఉన్నది చేపల కాటా. అడుగున్నర పలక, ఎర్ర అంకెలు. తల్లి దాన్ని కడిగి గుమ్మంలో పెట్టింది. భవాని ఎడమ కాలు పీట మీద, చేతులు రెండూ కర్రల మీద. కుడి పాదం కాటా మీద పెట్టింది.

"అమ్మా, మీకొకటి చెప్పాలి" అన్నాను తల్లితో. "మీ అమ్మాయి నొప్పి ఎందుకు దాచిందంటే..."

"సార్" అంది భవాని. "ఎంతుందో చూడండి. నేను వంగలేను."

వంగాను.

"పద్దెనిమిది."

"ఇప్పుడు?"

"ఇరవై."

"ఏంటి బాబుగారూ, ఏదో అనబోయారు?" అంది తల్లి.

భవాని కాలు తియ్యలేదు. అంకెలు చూడట్లేదు, నన్నే చూస్తోంది. అది క్షమించడమో, నోరు మూసుకోమనడమో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఏం లేదమ్మా" అన్నాను.

కళ్ళు మూసుకున్నప్పుడల్లా అదే కనిపిస్తుంది. పలక అంచున కడిగినా పోని రెండు పొలుసులు. సన్నబడిపోయిన పిక్క. పాదం కింద ఎర్ర అంకెలు పంతొమ్మిదికీ ఇరవై ఒకటికీ మధ్య అటూ ఇటూ మారుతున్నాయి. నేను ఇంకా వంగే ఉన్నాను.