పేరులేని బటన్లు

వనజాక్షికి పుట్టుకతోనే చూపు లేదు. తెర మీద వేలు పెట్టిన చోట ఏముందో ఫోను చదివి వినిపిస్తుంది. జువ్వలదిన్నెలో నాన్న పడవకు చేపల వేట అనుమతి తెచ్చేది ఆమే.

ఈ ఏడు ఆ అనుమతికి కొత్త వెబ్‌సైట్ పెట్టారు. పడవ వివరాలన్నీ ఓపిగ్గా నింపి, పంపే బటన్ కోసం వెతికింది. "బటన్" అంది ఫోను. వేలు పక్కకు జరిపితే మళ్లీ "బటన్". ఆ పక్కనా అదే మాట. దేవుడి మీద భారం వేసి ఒకటి నొక్కింది. నింపినదంతా చెరిగిపోయింది.

ఒళ్లు మండి, సైటులో ఉన్న నంబరుకు ఫోన్ చేసింది. దాన్ని తయారుచేసిన సుశీల్ కుమార్ నెల్లూరు నుంచి పలికాడు. బటన్లకు పేర్లే లేవని ఆమె అరిస్తే అతను నవ్వాడు.

"పేర్లెందుకక్కా? బొమ్మలుండాయి గదా!"

"నాకు చూపు లేదన్నా. బొమ్మ వెనకాల పేరు రాస్తేనే నా ఫోను చదువుతుంది. మా ఊళ్లో పేరు రాయందే పడవని నీళ్లలోకి తొయ్యరు. మీరు పేర్లేని బటన్లని జనం మీదికి ఎట్లా వదిలినారు?"

"అర్థమైందక్కా, సరిచేస్తాం."

వారం గడిచినా పడవ ఒడ్డునే ఉంది. నాన్న సణుగుడంతా ఆమె మీదే. చివరికి సుశీల్ కుమారే ఫోన్ చేశాడు.

"చేసేసినామక్కా! బటన్లన్నీ పెద్దవి చేసి ఎర్రరంగేసినాం. ఇప్పుడు భలే కనిపిస్తా ఉండాయి."

వనజాక్షి తెర మీద వేలు పెట్టింది. "బటన్" అంది ఫోను.

"ఎవరికయ్యా కనిపిస్తా ఉండేది?"