నాన్న పాటలో నా చరణం

మా చిన్నప్పుడు కవిటిలో క్రిస్మస్ దగ్గరపడుతుంటే పిల్లలందరికీ ఒకటే సంబరం... ఒక్క ఏడాది మాత్రం నాకు భయం పట్టుకుంది.

ఆ ఏడాది నాన్న మా ముగ్గురి కోసం పాట కట్టాడు. మందిరంలో పాడేది కాదు, అచ్చంగా మా ఇంటి పాట. ఏసుబాబు మన జీడితోటలోనే పుట్టాడట... అన్నయ్య జీడిపిక్కలు పట్టుకెళ్ళాడట, అక్క కనకాంబరాల దండ పట్టుకెళ్ళిందట. ఆఖరి చరణంలో నేను పనసపండు మోసుకెళ్ళానట.

"డిసెంబరులో పనసపండు ఎక్కడ దొరుకుతాది నాన్నా?" అని అక్క నవ్వింది.

"పాటలో కాత్తాదిలే," అన్నాడు నాన్న.

అందరం నవ్వాం. ఆ వెంటనే, "దీన్ని టేపులో ఎక్కించి మీకు దాసి ఉంచుతాను," అన్నాడు. నా నవ్వు ఆగిపోయింది.

అప్పటికే నాన్న పాదాలు వాచి ఉండేవి. ఇంటింటా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానంలో మనుషులు ఎదురుపడితే బాగున్నావా అనరు... "క్రియాటిన్ ఎంతొచ్చింది మావా?" అంటారు. రక్తపరీక్షలో నాన్నది ఎంతొచ్చిందో నాకు తెలియదు. జవాబు విన్నవాళ్ళు మొహం తిప్పుకోవడం మాత్రం చూశాను.

పక్కింటి పెదనాన్నదీ అదే జబ్బు. ఆయన పలాస వెళ్ళి తన ఫొటో పెద్దది చేయించుకున్నాడు. నెల తిరక్కుండానే దానికి దండ పడింది. ఇక గొంతు దాచుకుంటే ఏమవుతుందో నా ఎనిమిదేళ్ళ బుర్ర తేల్చేసింది... పాట పూర్తయితే నాన్న కూడా వెళ్ళిపోతాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక కొబ్బరికాయలు పోసే గదిలో కూర్చున్నాం. అమ్మ కోళ్ళని తోలి తలుపు మూసింది. కొత్త కేసెట్ లేక, పాత ప్రసంగాల కేసెట్ మూలల్లోని కన్నాల్లో కాగితం ఉండలు కుక్కాడు నాన్న. అలా చేస్తేనే పాతది చెరిగి కొత్తది ఎక్కుతుంది.

చరణానికీ చరణానికీ మధ్య నాన్నకి ఆయాసం. అప్పుడు టేపు ఆపే మీట నొక్కడం, ఆయన సిద్ధమయ్యాక మళ్ళీ నొక్కి వదలడం నా పని.

అన్నయ్య చరణం అయింది. అక్క చరణం అయింది.

"నొక్కమ్మా... ఇది నీదే," అన్నాడు.

మీట మీద వేలు పెట్టాను... నొక్కలేదు. చక్రాలు తిరగడం లేదని ఎవరూ చూడకుండా అరచెయ్యి అడ్డం పెట్టాను. నాన్న కళ్ళు మూసుకుని చరణం మొత్తం పాడాడు. నేను భయంతో ఒక్క ముక్కా సరిగా వినలేదు.

క్రిస్మస్ పొద్దున్న అందరం చుట్టూ చేరి టేపు పెట్టాం. అక్క చరణం అవగానే, నా పనసపండు రావలసిన చోట పాత ప్రసంగం మధ్యలోంచి ఊడిపడింది. అన్నయ్య పకపకా నవ్వాడు. నాన్న నా వైపు చూశాడు... నాకు దెబ్బలు ఖాయమనుకున్నాను.

"మిషను ముసల్దైపోనాది. పైయేడు మల్లీ పాడతాన్లే," అన్నాడు.

నాకు "పైయేడు" అన్న మాటే వినబడింది. పైయేడు కూడా నాన్న ఉంటాడు. ఆ రోజు నా అంత సంతోషంగా ఊళ్ళో ఎవరూ ఉండి ఉండరు.

పైయేడు నాన్న ఉన్నాడు... పాడే ఊపిరి లేదు. ఆ పై క్రిస్మస్‌కి నాన్నే లేడు. మీట సంగతి అమ్మకి కూడా నేనెప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు కేసెట్లూ లేవు, కాగితం ఉండలూ లేవు. ఫోను మీద వేలు తగిలితే చాలు, గొంతు ఉండిపోతుంది. మొన్న నా క్రియాటిన్ రిపోర్టు వచ్చింది. నిన్న మా ఇద్దరు పిల్లలకీ చెరో చరణం రాసి, ఫోను మా పెద్దదాని చేతికిచ్చాను. అది నా పాదాల వైపు చూసి, "ఇప్పుడెందుకమ్మా... పైయేడు సేద్దాం," అంది.

ఆ భయం నాకు తెలుసు. ఫోను దాని చేతిలోంచి తీసుకుని, నేనే నొక్కి పాడాను.

మీ ఇళ్ళలో ఎవరి గొంతు దాచుకున్నారు... ఎవరిది దాచుకోలేకపోయారు? రాయండి, ఒక్కొక్కటీ చదువుతాను.