పెద్దమ్మ ఆవాల మందు

ఇందుమూలంగా మా కాలనీ మూడో లైను వాసులందరికీ తెలియజేయునది ఏమనగా, ఇక మీదట ఎవరి తొక్కు జాడీని వాళ్ళు మంచం కింద దాచుకోనక్కర లేదు. మామిడికాయ తొక్కును గిన్నెలో వేసి, మూత పెట్టకుండా, పట్టపగలు గోడ మీదుగా పంపుకోవచ్చు. పట్టుకునేవారు లేరు. లైను మొత్తం తొక్కుల మీద ఇన్నేళ్ళు నిఘా పెట్టిన మా పక్క క్వార్టరు పెద్దమ్మ, పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టి, కూర్చున్న పీట మీదనే పక్కకు ఒరిగిపోయింది. చాయ్ మాడిన వాసనకు నేను గోడ దూకి వెళ్ళేసరికి ఆమె చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది.

ఆమె నాకు చుట్టం కాదు. మా బాపు, ఆమె పెనిమిటి ఒకే గనిలో ఒకే షిఫ్టు చేసేవాళ్ళు. మాది ఖానాపూర్ వైపు, వాళ్ళది మంథని వైపు. బొగ్గు పుణ్యాన వచ్చి ఒకే గోడకు అటొకరు ఇటొకరు పడ్డాం. పెద్దమ్మ, పెద్దబాపు అని పిలవడం అట్లా అలవాటైంది. నేను ఆటో నడుపుతాను. చదువు పదో తరగతి గుమ్మం దాకా వెళ్ళి, లోపలికి రానివ్వకపోతే తిరిగి వచ్చిన రకం. అయినా రాస్తున్నాను. ఎందుకంటే దశదినాల భోజనాల దగ్గర జనం ఆమె గురించి తలా ఒక ముక్క చెప్పారు. అందరూ ఆవాల మందు కథే చెప్పారు. అది మొదటి నుంచి చూసినవాణ్ణి నేను.

ముందు ఆమె ఎట్లాంటి మనిషో చెప్పాలి. ఎవరింటికి వచ్చినా మనుషులను తర్వాత చూసేది, అటకను ముందు చూసేది. మాట్లాడే నెపంతో చెయ్యి పట్టుకుని, వేళ్ళు వాసన చూసేది. నా నోటికి లైనులో భయపడనిది ఆమె ఒక్కతే. ఒకసారి ఆమెను ఉడికించాలని చిన్న జాడీలో ఎర్రమట్టి తడిపి నింపి, నూనె పోసి, మూతికి గుడ్డ కట్టి ఆమె గడప ముందు పెట్టాను. పొద్దంతా ఎదురుచూశాను, కేకలు వినబడలేదు. వారం తర్వాత జాడీ మా గడప ముందుకు తిరిగి వచ్చింది. అందులో నూనె లేదు, మట్టి మార్చి ఉంది, మిరప నారు నాటి ఉంది. నీళ్ళు పోయడం మానితే ఊరుకోనని మా అవ్వతో చెప్పి పంపింది.

తొక్కు మీద ఆమెకు పగ మొదటి నుంచి లేదు. పెద్దబాపు కాలి వేలుతో వచ్చింది.

గనిలో వేసుకునే రబ్బరు బూటు ఆయన బొటనవేలు పక్కనున్న వేలును కొరికింది. చిన్న పుండే. కానీ ఆయనకు షుగరు. పుండు మానలేదు, అంచు నల్లబడింది. నా ఆటోలోనే దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు గోలీలు రాసి, తొక్కు పూర్తిగా బందు చేయమని, అన్నం సగం చేయమని, అన్నానికి ముందు పళ్ళెం నిండా పచ్చి కూరగాయ ముక్కలు తినమని చెప్పాడు. నెల తర్వాత చూస్తానని, నలుపు అట్లాగే ఉంటే వేలు తీసేయాలని, అక్కడితో ఆగకపోతే పాదమని అన్నాడు. పెద్దమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. పెద్దబాపు ఇంటికి వచ్చి అన్నం, తొక్కు అడిగాడు.

ఆ సాయంత్రం ఆమె లైనులో ప్రతి క్వార్టరుకూ వెళ్ళింది. మా ఇంటి ముందుకు వచ్చినప్పుడు నేను వినోదం చూద్దామని నిలబడ్డాను.

"ఎవలన్న ఆయనకు తొక్కు వెట్టిన్రో, గా వేలు కోసిన నాడు దాన్ని తెచ్చి మీ గడపల వెడుత," అన్నది.

నేను లోపలికి పోయి మా జాడీని మంచం కిందికి తోశాను.

తొక్కు బందైంది. కానీ పచ్చి ముక్కలు ఆయన ముట్టలేదు. కీరదోస, ముల్లంగి, ఉల్లిగడ్డ సన్నగా కోసి పెడితే పళ్ళెం పక్కకు జరిపి, నేనేమన్న మేకనా అనేవాడు. రెండు మెతుకులు తిని లేచేవాడు. గోలీలు ఖాళీ కడుపులో పడి కళ్ళు తిరిగేవి. రోజూ సాయంత్రం ఆమె ఆయన కాలు ఒళ్ళో పెట్టుకుని కట్టు విప్పేది. నేను గోడ మీద నుంచి చూసేవాణ్ణి. కట్టు మళ్ళీ కట్టేది. ఆ కట్టే తీరు చూసి అంచు ఎంత నల్లగా ఉందో నాకు ఇవతలికి తెలిసేది.

ఆయన నాలుక వెతికేది మామిడికాయను కాదని, తొక్కులో ముక్కుకు ఎక్కే ఆవఘాటునని పెద్దమ్మకు ఒకనాడు తోచింది. ముక్కల మీద ఆవపిండి పులుసు లాంటిది పోస్తే తింటాడేమో అనుకుంది. తొందరలో ఆవాలు మిక్సీలో వేసి, దాని గిన్నె వేడెక్కి కాలేదాకా తిప్పింది. పైగా పొయ్యి మీది వేడినీళ్ళు పోసింది. ఆవాలతో ఈ రెండూ చేయకూడదు. ఘాటు చచ్చి చేదు మిగులుతుంది. అది ఆమెకూ తెలుసు. ఏళ్ళ తరబడి తొక్కులు పెట్టిన చెయ్యి. కానీ ఆ రోజు చెయ్యి ఆమె మాట వినలేదు.

పెద్దబాపు ఒక్క కీరదోస ముక్క నోట్లో వేసుకుని మొహం ముడిచాడు. "ఏందే గిది, మందు లెక్కున్నది," అన్నాడు.

నేను గడపలో కూర్చుని ఉన్నాను. ఆమె నోరు తెరిచింది. తప్పైంది, పారబోస్తా అనబోతుందని నాకు తెలుసు. అంతలో నోరు మూసింది. మళ్ళీ తెరిచింది.

"అవు, మందే. దవఖానల ఇచ్చిన్రు. ముక్కల మీద వోసుకొని తినాల్నట."

ఆయన ఆమెను చూశాడు, పళ్ళేన్ని చూశాడు. తర్వాత ఒక్కొక్క ముక్కే నములుతూ పళ్ళెం ఖాళీ చేశాడు. ఆమె గోడ వైపు తిరిగి గిన్నె తోముతున్నట్టు నటించింది. ఆ గిన్నె అప్పటికే తోమి ఉంది.

ఇంత చిన్న అబద్ధానికి ఆమె భయపడేదేముంది అని మీరు అడగవచ్చు. మీకు పెద్దబాపు తెలియదు. ఆయన మాట మనిషి. ఊర్లో సొంత తమ్ముడు పొలం గట్టు గురించి చిన్న అబద్ధం ఆడాడని వాళ్ళింట్లో మంచినీళ్ళు ముట్టడం మానేసినవాడు. ఆ తమ్ముని బిడ్డ పెండ్లికి పోయి, అక్షింతలు వేసి, దూప అయితే బస్టాండు దాకా నడిచి నీళ్ళు తాగి వచ్చినవాడు. పెండ్లాం తనకు అబద్ధం చెప్పి తినిపిస్తున్నదని తెలిస్తే ముక్కలే కాదు, ఆమె చేతి నీళ్ళు కూడా ముట్టడు. అప్పుడు వేలు ఎట్లాగూ దక్కదు. ఇంట్లో మనిషి కూడా దక్కడు.

మర్నాడే ఆమె నన్ను పిలిచింది. మా దవాఖానలో దగ్గు మందు కావాలంటే ఖాళీ సీసా మనమే పట్టుకుపోవాలి. కంపౌండరు అందులో పోసి, ఎంతెంత తాగాలో తెలిసేటట్టు అంచుకు గాట్లు కోసిన కాగితం అతికించి ఇస్తాడు. అట్లాంటి పాత సీసా ఒకటి ఆమె ఉప్పుతో కడిగి ఎండబెట్టింది. దాని మీద కాగితం నన్ను రాయమన్నది. నేనెందుకు అని అడిగితే, నీ రాత ఎవ్వనికి తెల్వది, గదే గావాలె అన్నది. బడిలో నన్ను తన్నించిన రాత చివరికి ఒకరికి పనికి వచ్చింది. కత్తెరతో గాట్లు కోసి, నాకే అర్థం కాని నాలుగు గీతలు గీసి అతికించాను.

ఆ తర్వాత ఆమె మందు చేసే పద్ధతి ఇది. సన్న ఆవాలు కడిగి చల్లటి నీళ్ళలో నానబెట్టాలి. చిన్న రోట్లో పచ్చిమిరపకాయతో, చిటికెడు ఉప్పుతో నూరాలి, మిక్సీ వద్దు. మెత్తగా కాగానే చెయ్యి ఆపి, మూత పెట్టి కాసేపు వదిలేయాలి. ఘాటు పుట్టేది అప్పుడే. వెంటనే నిమ్మకాయ పిండితే పుట్టకముందే చస్తుంది. మూత తీస్తే ముక్కు ఝుమ్మన్నాక నిమ్మరసం, కొద్దిగా పల్లినూనె వేసి, సీసాలో పోసి, నూనె పైకి తేలకుండా చిక్కగా పసుపుపచ్చగా అయ్యేదాకా ఊపాలి. చిన్న బెల్లం ముక్క వేస్తే ఇంకా బాగుంటుంది, ఆయనకు వద్దు కాబట్టి వేయలేదు. ఫోన్లలో వంటలు చూపేవాళ్ళు దీన్ని డ్రెస్సింగ్ అంటారట. మా లైనులో ఆ మాటకు పుండు కట్టు అనే అర్థం, కాబట్టి మేము మందు అనే అన్నాం.

సరిగ్గా చేసిన మొదటి రోజే చిక్కు వచ్చింది. మందు బాగుంది. పెద్దబాపు నాలుక చప్పరించి, దవాఖానలో నీళ్ళు కలుపుతున్నారు, చేదు తగ్గింది, పోయి అడుగుతా అన్నాడు. అప్పటి నుంచి కొన్ని ఆవాలను వేరుగా వేడినీళ్ళతో నూరి, కావాలని పాడుచేసి కలిపేది. అంత చక్కటి చేతితో కొంచెం తప్పుగా చేయడం ఎంత కష్టమో నేను దగ్గర కూర్చుని చూశాను. రుచి ఏం జేసుకుంటం బిడ్డా, కడుపుల వడాలె గని, అనేది.

నెల అయింది. దవాఖానకు బయలుదేరాం. ఆమె రాలేదు. వినలేను, మీరే పోయి రండి అన్నది. ఆటో మార్కెట్ దాటుతుండగా నా ఫోను మోగింది. ఆమె గొంతు గుసగుసగా ఉంది.

"సీసా లేదురా. ఆయన సంచిల వెట్టుకపోయిండు. డాక్టర్‌కు జూపెడితే నా బతుకు ఇగ గంతే. నువ్వే ఏమన్న జెయ్యి."

అద్దంలో చూశాను. పెద్దబాపు సంచిని ఒళ్ళో పట్టుకుని రోడ్డు చూస్తున్నాడు. లైనులో ఎవరినైనా ఏమార్చగలను అని పేరున్నవాణ్ణి. దవాఖాన చేరేదాకా నాకు ఒక్క ఉపాయం తట్టలేదు.

డాక్టరు కట్టు విప్పి, వేలు నొక్కి, రక్తం కాగితం చూశాడు. అంచు ఎర్రబడుతోందని, షుగరు దిగిందని, కోయనక్కర లేదని, గోలీలు మానవద్దని చెప్పాడు. నేను ఊపిరి వదిలేలోపే పెద్దబాపు సంచిలో చెయ్యి పెట్టాడు.

"సారూ, మీరిచ్చిన గీ పసుపుపచ్చ మందు అయిపోవచ్చింది. ఇంకో సీసకు రాయుండ్రి."

డాక్టరు సీసా తీసుకున్నాడు. కాగితం మీద నా గీతలు చూశాడు, నన్ను చూశాడు. నేను ఫ్యాను రెక్కలు చూశాను. ఆయన మూత తీసి వాసన చూశాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అరచేతిలో ఒక చుక్క వేసుకుని నాకాడు. మూత పెట్టి, అవును, నేనే రాశాను, ఇది ఇంట్లో చేసుకునేదే, మీ ఇంటామెనే చేయమనండి, మానవద్దు అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి పెద్దమ్మ గేటు దగ్గర ఉంది. ఆయన మొహం చూడలేదు, కాలు చూసింది. పెద్దబాపు ఆటో దిగుతూనే డాక్టరు మాటలన్నీ చెప్పాడు. ఆమె గేటు పట్టుకుని అక్కడే కింద కూర్చుంది. కాసేపటికి లేచి, నన్ను చాయ్ తాగి పొమ్మన్నది. ఆ రోజు నుంచి ఆవాలు ఆయన ఎదురుగానే నూరింది, చేదు కలపడం మానేసింది. సీసా ఊపే పని ఆయనది. గడపలో కూర్చుని ఊపుతుంటే ఆ చప్పుడు మా ఇంట్లోకి వినబడేది. వేలు దక్కింది. పెద్ద డాక్టరే నాకి చూశాడని ఆమె లైనంతా చెప్పింది, అడిగినవాళ్ళకు, అడగనివాళ్ళకు నేర్పింది. దశదినాల నాడు జనం చెప్పుకున్న కథ ఇదే. సాక్షిని నేనే కాబట్టి తల ఊపాను.

ఇందులో ఒక్కటి మాత్రం పూర్తిగా కల్పితం. డాక్టరు వాసన చూడలేదు, నాకలేదు, నేనే రాశాను అనలేదు. కాగితం చూసి, ఈ నాటుమందు ఎవరిచ్చారు, మేము ఇవ్వలేదు, ఇట్లాంటివి వాడితే కాలే పోతుంది అని కోపం చేసి, సీసాను బల్ల కింది చెత్తడబ్బాలో పడేశాడు. నేను కొంప మునిగింది అనుకున్నాను. పెద్దబాపు కట్టు కట్టిన కాలు పక్కకు చాపి, వంగి, డబ్బాలోంచి సీసా తీసుకున్నాడు. ఇంట్ల జేసింది సారూ, ఆవాలు, అని మాత్రం అన్నాడు.

ఆటోలో తిరిగి వస్తున్నాం. రైలుగేటు పడి ఉంది. బొగ్గు వ్యాగన్లు పోతున్నాయి. అప్పుడు వెనుక నుంచి మెల్లగా అన్నాడు.

"డాక్టరే నాకి జూసిండని చెప్తా. నేనే రాసిన అన్నడని చెప్తా. నువ్వు తలకాయ ఊపు."

కళ్ళలో నీళ్ళు తిరిగాయని కూడా చెప్పమన్నాను. ఆ ఒక్క ముక్క నాది. ఆయన కాసేపు ఆలోచించి, సరే, గది గూడ చెప్తా అన్నాడు.

అద్దంలో చూశాను. సీసాకు అంటిన దూదిని తువ్వాలతో తుడుస్తున్నాడు. నేను అతికించిన కాగితం ఒక మూల లేచింది. నోటి తడి అద్ది, దాన్ని బొటనవేలితో అదిమి పట్టుకున్నాడు. వ్యాగన్లు అన్నీ పోయి, గేటు లేచి, వెనుక లారీలు హారన్ కొడుతున్నా, ఆ వేలు తీయలేదు.