చెవి మేస్త్రీ

మా ఆయనను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆయన చెవి మేస్త్రీ. పాత డీజిల్ బళ్ళకు కరెంటు పని చేస్తారు. స్టార్టు కాని బండి వస్తే బానెట్టు ఎత్తి, తల లోపల పెట్టి, తాళం తిప్పమంటారు. "టక్" మని ఒక్కసారి కొట్టి ఊరుకుంటే కరెంటు స్టార్టరు దాకా వస్తోంది, రోగం ఆ తర్వాతెక్కడో ఉంది. టకటకా కొట్టుకుంటే బ్యాటరీ నీరసం. అసలు చప్పుడే లేకపోతే తాళం దగ్గర్నుంచి స్టార్టరు దాకా కరెంటు దిగడం లేదన్నమాట. మిగతావాళ్ళు టెస్టు బల్బు పట్టుకుని వైరు వెంట పాక్కుంటూ పోయేలోపు ఈయన పని ముగించి చేతులు కడుక్కునేవారు. ఆ గర్వం ఆయనకు లేదంటే నా కళ్ళు పోతాయి. నాకూ ఉండేది. అదే షెడ్డులో ముందు బల్ల వేసుకుని బల్బులూ ఫ్యూజులూ అమ్ముతాను కాబట్టి ఆ పొగడ్తల్లో సగం నా చెవినే పడేవి.

ఈ మధ్య ఇంట్లో పక్క గదిలోంచి పిలిస్తే పలకడం తగ్గించారు. కుక్కరు కూసి కూసి మాడినా పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటారు. నేను ఒంటికాలి మీద లేచేదాన్ని. "విన్నానులేవే" అనేవారు. పెళ్ళయిన మగవాళ్ళకు వచ్చే జబ్బే కదా, మందు లేదులే అనుకున్నాను.

ఆ పొద్దున రొట్టెల వ్యాను డ్రైవరు దారిన పోయేవాళ్ళను బతిమాలి, బండి తోయించుకుంటూ వచ్చాడు. వ్యానుకు దాదాపు మా కాపురమంత వయసుంది. వెనక ట్రేల్లో రొట్టెలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

"కొట్లవాళ్ళు ఫోన్లు చేసి ప్రాణం తోడేస్తున్నారు మేస్త్రీ గారూ. మీరే దిక్కు" అన్నాడు.

మా ఆయన లైట్లు వేయించి తాళం తిప్పించారు. లైట్లు తగ్గకుండా వెలిగాయి. ఇంజను మాత్రం కదల్లేదు.

"బ్యాటరీ నిక్షేపంలా ఉంది. చప్పుడే లేదు. తాళం స్విచ్చి పోయింది, మార్చేద్దాం."

డ్రైవరు బుర్ర గోక్కున్నాడు. "టక్ మంటున్నట్టుందండీ."

"బండి నడపడం నీ పని. వినడం నా పని" అన్నారు. తోసినవాళ్ళు నవ్వారు. డ్రైవరు వెళ్ళి సీట్లో కూర్చున్నాడు.

స్విచ్చి మార్చారు. తాళం తిప్పాడు. టక్. నా బల్ల దగ్గరికి వినిపించింది. కొత్త వైరు లాగారు. మళ్ళీ టక్.

"ఊహూఁ. చప్పుడు లేదు. స్టార్టరు కిందికి దింపాలి" అన్నారు మా ఆయన.

తోసినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు, కుక్కరుతో సహా. జాలి పడాల్సిన దాన్ని, ముందు చచ్చేంత సిగ్గేసింది. అందరికీ వినపడిన చప్పుడు ఈయనకు వినపడటం లేదు, వినపడటం లేదన్న సంగతి అందరి ముందూ తనే నోరారా చెప్తున్నారు. తల కొట్టేసినట్టయింది. బల్ల కింద దూరిపోదామా అనిపించింది.

ఆయన తల పైకెత్తి వాళ్ళ మొహాలు చూశారు. తర్వాత నా మొహం చూశారు. నా మొహంలో ఏం కనబడిందో ఏమో, చేతిలో రెంచీ కింద పెట్టేశారు.

చెయ్యి తుడుచుకునే గుడ్డ ఇచ్చే నెపంతో వెళ్ళి పక్కన నిలబడ్డాను. "ఒక్కసారి తిప్పు బాబూ" అన్నాను. చప్పుడు రాగానే ఆయన మోచెయ్యి నొక్కాను. ఆయన నా వైపు తిరగలేదు. వంగి, స్టార్టరు మీద అరచెయ్యి ఆనించి, "మళ్ళీ తిప్పు" అన్నారు. లోపలి అదురు చేతికి తగిలినట్టుంది, కళ్ళు మూసుకున్నారు.

ఆ పైన పని ఎంతసేపు. కరెంటు స్టార్టరు దాకా వస్తోంది, తిరిగి బ్యాటరీకి చేరే దారే మూసుకుపోయింది. ఇంజనుకూ బండి ఒంటికీ మధ్య ఉండే రాగి పట్టీ చిలుము పట్టి నాలుగు పోగుల మీద వేలాడుతోంది. బ్యాటరీ నుంచి నేరుగా ఇంజనుకు లావు కేబులు పట్టి తిప్పించారు. వ్యాను ఒక్క దగ్గు దగ్గి అందుకుంది. పట్టీ మార్చేశారు.

"మీ చెవికి దండం పెట్టాలి మేస్త్రీ గారూ" అన్నాడు డ్రైవరు, నిజంగానే చేతులు జోడించి.

పోనీలే, గండం గడిచింది, ఈ మాటతో వెళ్ళిపోతాడు అనుకున్నాను. ఊరుకోండి అని కళ్ళతోనే సైగ చేశాను కూడా.

"బండి ఆపు. ఆ స్విచ్చి తీసేస్తాను. నీ పాతది బాగానే ఉంది" అన్నారు మా ఆయన.

"ఉండనివ్వండి, కొత్తదేగా."

"అది పోలేదయ్యా. నాకు చప్పుడు వినపడక మార్చాను."

డ్రైవరు పకపకా నవ్వాడు. "భలేవారే. చెవి మేస్త్రీకి వినపడకపోవడమేంటండీ." తోసినవాళ్ళూ నవ్వారు, ఈసారి మనస్ఫూర్తిగా. ఆయన ఆ నవ్వు అయిపోయేదాకా గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకుంటూ నిలబడ్డారు.

"నాకు చెవులు పనిచెయ్యడం లేదు. చాన్నాళ్ళైంది" అన్నారు.

ఎవరూ నవ్వలేదు. చాన్నాళ్ళైంది. నాకు కూడా చెప్పుకోలేకపోయిన మాట, దారిన పోయేవాళ్ళకు చెప్పుకోవాల్సి వచ్చింది. నేను బల్ల మీది బల్బులు సర్దడం మొదలుపెట్టాను, సర్దడానికి ఏమీ లేకపోయినా.

డ్రైవరు మంచివాడు. ఆయన దగ్గరికొచ్చి, చెవి పక్కన నోరు పెట్టి, "పర్లేదండీ మేస్త్రీ గారూ" అని వీధి వీధంతా తిరిగి చూసేలా అరిచాడు.

మా ఆయన ఉలిక్కిపడ్డారు. స్విచ్చి మరలు విప్పుతూ, తల ఎత్తకుండా, "అరవకయ్యా. దగ్గరి మాటలు బాగానే వినిపిస్తాయి" అన్నారు.

"సరేనండీ" అని ఇంకా గట్టిగా అరిచాడు డ్రైవరు.