జగన్నాధం గారి చీటీలు

విజయనగరం కోర్టులో నేను నల్లకోటు తొడుక్కుని తిరిగిన నాలుగేళ్ళలో నాకు ఎన్ని కేసులు వచ్చాయో దయచేసి అడగకండి. వాయిదాలు అడగడంలో మాత్రం నా అంతటివాడు లేడు. "మా సీనియరు గారు పక్క కోర్టులో ఉన్నారండి" అనే ఒక్క వాక్యాన్ని నేను ఎన్ని రకాలుగా అనగలిగేవాడినో! వాల్తేరులో లా చదివింది ఆ వాక్యం కోసమేనా అని ఒక్కోసారి నాకే నవ్వొచ్చేది.

నాలాంటివాళ్ళు బార్ రూములో మరో నలుగురు ఉండేవాళ్ళు. పెంకుల కప్పు కింద పొడుగాటి బల్ల, బల్లకి ఆ చివర సీనియర్ల కుర్చీలు, ఆ కుర్చీల మీద ఒకే ఒక్క ఫ్యాను. ఈ చివర బెంచీ మీద మేము. ఫ్యాను గాలి మా దాకా రావాలంటే పదేళ్ళు పడుతుందని మాలో మేము అనుకునేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఉక్కపోత కూడా నాకు ఇష్టంగానే ఉంది.

ఆ గదికి గుమస్తా జగన్నాధం గారు. పొందూరు దగ్గర పల్లెటూరు, వ్యవసాయ కుటుంబం. స్కూలు ఫైనలుతో చదువు ఆగిపోయింది. ఇరవై ఏళ్ళుగా మా బార్‌లో పుస్తకాలు అందించడం, కోర్టు హాలుకి మోసుకెళ్ళడం, సాయంత్రం మళ్ళీ బీరువాలో సర్దడం ఆయన పని. కళ్ళజోడు ఒక కాడ విరిగితే దారం కట్టుకుని చెవికి తగిలించుకునేవారు. ఏ తీర్పు ఏ సంపుటంలో ఉందో నెంబరుతో సహా చెప్పేవారు. కానీ నేను ఆయన్ని తలుచుకునేది అందుకు కాదు.

గెజిట్టు, దినపత్రికలు టపాలో వచ్చీరాగానే ముందు చదివేది ఆయనే. లా చదివినవాళ్ళకి పనికొచ్చే ఖాళీ ఎక్కడ కనిపించినా పాత కాజ్‌లిస్టు, అంటే ఆ రోజు కేసుల జాబితా, వెనకవైపు చిన్న అక్షరాలతో రాసేవారు. ఉద్యోగం పేరు, వయసెంత ఉండాలి, ఎన్నేళ్ళ ప్రాక్టీసు కావాలి, ఏ కాగితాలకి ఎవరి సంతకం కావాలి, ఆఖరి తేదీ ఏది. ఆ చీటీని ఒక లా రిపోర్టులో పెట్టి, ఎవరికి పనికొస్తుందో వాళ్ళని పిలిచేవారు.

"నరసింగరావు బాబూ, మీరడిగిన పుస్తకం తీసేను."

నేను ఏ పుస్తకమూ అడగలేదు. మొదటిసారి ఆ మాటే అనబోతే ఆయన నా కాలు తొక్కారు.

ఈ దొంగచాటు ఎందుకంటే, ప్లీడరనేవాడు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడంటే ప్రాక్టీసు లేదని టముకు వేసుకున్నట్టే. సీనియరుకి తెలిస్తే మర్నాటి నుంచి కాగితం ముక్క కూడా చేతికివ్వడు. దానికితోడు మా వైపు నమ్మకం ఒకటి: కాబోయే పని నోటితో అంటే కాకుండా పోతుంది. గజపతినగరం దగ్గర మా ఊళ్ళో మా అమ్మ అయితే, విత్తనాలు చల్లేదాకా ఏ పంట వేస్తున్నామో కూడా పక్కింటివాళ్ళకి చెప్పేది కాదు. అందుకని ఎవరి గుట్టు వాళ్ళం కడుపులో పెట్టుకుని, అందరమూ జగన్నాధం గారి దగ్గర మాత్రం కక్కేవాళ్ళం. "ఎవరికీ చెప్పకండి" అంటే ఆయన, "నేనెవుడికి సెప్తాను బాబూ, నాకు పుస్తకాలు దులపడానికే పొద్దు సాలదు" అనేవారు.

జిల్లా మునసబు, అంటే కింది కోర్టు జడ్జి ఉద్యోగం తప్ప మరొకటి నా కంటికి ఆనని రోజుల్లో ఆయన నన్ను గట్టిగానే కసిరారు. "కోర్టు గుమ్మం ఒకటే గుమ్మవని ఎవుడు సెప్పేడు మీకు? దేవాదాయంలో ఉన్నాది, కార్మిక శాఖలో ఉన్నాది. వాల్తేర్లో రైల్వేవోళ్ళకి లా అసిస్టెంటు కావాలంట. బీమా కంపెనీలో కాగితాలు సూసేవోడు కావాలంట. లా అంటే ఏటనుకుంటన్నారు, పది మందికి పనికొచ్చే సదువది."

అలా నా చేతికి వచ్చిందే అసిస్టెంటు పబ్లిక్ ప్రాసిక్యూటరు చీటీ. దరఖాస్తు ఆయనే సరిచూశారు. ఇంటికి వస్తే అమ్మానాన్నలకి తెలుస్తుందని, ఉత్తరాలు రావలసిన చిరునామా కూడా ఆయనదే ఇచ్చాను. అరవై ఎనిమిది నవంబరులో హైదరాబాదు రమ్మని పిలుపు వచ్చింది.

బార్‌లో అన్నవరం మొక్కు అని చెప్పాను. స్టేషన్లో రైలెక్కబోతుంటే నా తోటి జూనియరు భావనారాయణ ఎదురయ్యాడు. ఎక్కడికని అడగకూడదు కదా, "ఎందాకా బావా?" అన్నాను.

"తునిరా. మా పెద్దమ్మ కూతురికి సీమంతం. నువ్వో?"

"అన్నవరం."

తుని వచ్చింది. భావనారాయణ ముఖం మీదకి దుప్పటి లాక్కున్నాడు. అన్నవరం వచ్చింది. నేను పాయిఖానాలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. బెజవాడలో బండి మారేటప్పుడు ఒకరినొకరు చూడనట్టే నడిచాం. హైదరాబాదులో ఇంటర్వ్యూ వరండాలోకి అడుగు పెట్టేసరికి భావనారాయణే కాదు, మా బెంచీ బెంచీ అక్కడే ఉంది. ఒకడు సింహాచలం అని వచ్చాడు, ఒకడు పంటినొప్పి అని వచ్చాడు, ఒకడైతే మామగారిని చావుబతుకుల్లో పెట్టేసి వచ్చాడు. ఒకరినొకరు చూసుకుని నవ్వు ఆపుకోలేకపోతే బంట్రోతు వచ్చి కోప్పడ్డాడు.

అప్పుడు తెలిసింది, అయిదుగురికీ చీటీ ఇచ్చింది ఆయనేనని. అయిదుగురి గుట్టూ ఒక్క కడుపులో దాచుకుని, మా మధ్య రోజూ ఏమీ ఎరగనట్టు తిరుగుతున్నారు. ఈ సంగతి ఊళ్ళో పొక్కనివ్వకూడదని అక్కడే ఒట్లు వేసుకున్నాం. తిరుగు ప్రయాణంలో నేను నిజంగానే అన్నవరంలో దిగి ప్రసాదం కొన్నాను. ప్లీడర్ని కదా, అబద్ధానికైనా సాక్ష్యం ఉండాలి.

మరుసటి ఏడాది వేసవిలో ఫలితాలు వచ్చాయి. నేనూ భావనారాయణా నెగ్గాం. కానీ ఉద్యోగపు ఆర్డరు చేతికి రావాలంటే, నా నడవడి మంచిదని సీనియరు రాసిచ్చిన కాగితం పంపాలి. మా సీనియరు లక్ష్మీనరసింహం గారు. ఆయన్ని ఆ కాగితం అడగడమంటే దొంగతనం ఒప్పుకున్నట్టే. ఇవాళ అడుగుదాం, రేపు అడుగుదాం అని రోజులు దొర్లిస్తున్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే జగన్నాధం గారి అమ్మాయి నీలవేణి వాల్తేరులో బి.ఎల్. పాసైంది. ఆయనకి కూతురున్నట్టే మాలో సగం మందికి తెలియదు. మా గుట్టే కాదు, ఆయన గుట్టు కూడా ఆయన కడుపులోనే ఉండేది. అప్పట్లో ఏడాది పాటు ఒక సీనియరు దగ్గర పని నేర్చుకుంటేగాని కోర్టులో వాదించడానికి సన్నదు ఇచ్చేవారు కాదు. నేర్పుతానని ఆ సీనియరు రాసిన ఉత్తరం నెలాఖరులోగా హైదరాబాదు చేరాలి. చేరకపోతే ఆ పిల్లకి ఏడాది పోయినట్టే. ఏడాది ఇంట్లో కూర్చున్న ఆడపిల్లని మళ్ళీ కోర్టు మెట్లు ఎక్కనిచ్చే చుట్టాలు ఆ కాలంలో ఎవరికున్నారు?

ఒక మధ్యాహ్నం జగన్నాధం గారు పైపంచె నడుముకి చుట్టుకుని ఫ్యాను కింద నిలబడ్డారు. ఇరవై ఏళ్ళలో ఆయన పుస్తకం లేకుండా ఆ చివర నిలబడటం అదే మొదలట.

"మా అమ్మాయి లా పాసయ్యిందండి. తమరు దగ్గర పెట్టుకుని పని నేర్పితే..."

లక్ష్మీనరసింహం గారు కళ్ళజోడు తీశారు. "నీ కూతురా? లా చదివిందా? ఏటయ్యా ఇది! నా గదికి వచ్చేవాళ్ళంతా భూమి తగాదాలవాళ్ళు, తలలు పగిలినవాళ్ళు. వాళ్ళ మధ్య ఆడపిల్లని కూర్చోబెట్టమంటావా?"

"కూకుంటాదండి. బయపడదు."

"నీకు చెప్పినా అర్థం కాదు. అయినా ఏమని అడుగుతున్నావయ్యా? ఈ బార్‌కి నువ్వు ఇన్నాళ్ళూ చేసిందేమిటి, పుస్తకాలు దులపడం తప్ప?"

మిగిలిన సీనియర్లు నవ్వారు. మా బెంచీ మీద అయిదుగురం ఫైళ్ళలోకి తలలు దూర్చేశాం. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు నోరు విప్పితే చాలు, ఆయన చేసిందేమిటో ఆ గదికి తెలిసేది. జగన్నాధం గారు మావైపు చూడనైనా చూడలేదు.

"అంతేనండి," అన్నారు. వెళ్ళి బీరువా సర్దుకున్నారు.

అంత సిగ్గు నాకు జన్మలో ఎప్పుడూ వేయలేదు. ఇప్పటికీ ఆ "అంతేనండి" వినిపిస్తే నాకు అన్నం సహించదు.

బయటికి వస్తే వరండాలో ఒక అమ్మాయి కాగితాల కట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. తండ్రి ముక్కు, తండ్రి చూపు. లోపలి మాటలన్నీ ఆ కిటికీలోంచి వినిపిస్తాయి.

"మీరు ఆయన దగ్గర ఎలాగ సేరేరండి?" అని అడిగింది.

"మా మావ తీసుకొచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టించాడమ్మా."

"దణ్ణం పెట్టడం నాకూ వచ్చునండి," అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మర్నాడు పొద్దున్నే బీరువాల దగ్గర ఆయన్ని పట్టుకున్నాను. అందరిలో చెప్పేస్తానన్నాను. ఆయనకి కోపం వచ్చింది.

"నోరు మూసుకోండి బాబూ. ముందు మీ ఆర్డరు సేతికి రానీండి. నా కూతురి కోసం మీ అయిదుగురి పేర్లూ బయటెడతానా? రేపెవుడైనా నన్ను నమ్మి ఒక మాట సెప్పుకుంటాడా? శ్రీకాకులంలో కూడా అడుగుతాను. దొరికితే దొరుకుతాది, లేకపోతే లేదు."

శ్రీకాకుళంలో దొరకలేదు. నెలాఖరుకి నాలుగు రోజులుంది. ఆ రోజు మధ్యాహ్నం లక్ష్మీనరసింహం గారు కాఫీ తాగుతుంటే నేను లేచి ఆయన ముందు నిలబడ్డాను. జడ్జి ముందు కూడా అంత భయపడలేదు.

"గురువుగారూ, నేను ప్రాసిక్యూటరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. అన్నవరం అని మీకు అబద్ధం చెప్పి ఇంటర్వ్యూకి వెళ్ళాను. నెగ్గాను. ఆ ఖాళీ చూసింది, చీటీ రాసిచ్చింది, దరఖాస్తు దిద్దింది జగన్నాధం గారు. ఈ బార్‌కి ఆయన చేసిందేమిటని మీరు అడిగారు. నాకు చేసింది ఇది."

బీరువా దగ్గర జగన్నాధం గారు వెనక్కి తిరగలేదు. లక్ష్మీనరసింహం గారి ముఖం కందగడ్డయింది. తిడతారనుకున్నాను. ఆయన కప్పు కింద పెట్టి అడిగారు.

"ఇంకెవరి పేరైనా నీకు చెప్పాడా?"

"లేదండి. ఆయన నోట ఎవరి పేరూ రాదు."

"నా పేరు?"

నాకు అర్థం కాలేదు. మీ పేరెందుకు చెబుతారండి అన్నాను.

ఆయన కాసేపు బీరువావైపే చూశారు. తర్వాత బల్ల చుట్టూ ఉన్న తోటి సీనియర్లని చూసి, ఎవరో బోనెక్కించినట్టు గొంతు సవరించుకున్నారు.

"యాభై ఒకటిలో నాకూ ఒక చీటీ ఇచ్చాడు. మునసబు ఉద్యోగానికి. అప్పుడు మనం మద్రాసు కింద ఉన్నాం కదా, ఇంటర్వ్యూ అక్కడే. ఇంట్లో తిరుపతి అని చెప్పాను. నమ్మాలి కదా అని వస్తూ గుండు కూడా గీయించుకొచ్చాను. మా ఆవిడ నా భక్తికి మురిసిపోయి ఊరంతా ప్రసాదం పంచింది. ఉద్యోగం రాలేదు. ఈ గదిలో నేను ఉద్యోగాల్ని నీచంగా మాట్లాడినప్పుడల్లా ఇతను అక్కడే ఉన్నాడు. పద్దెనిమిదేళ్ళు. మొన్న నేనన్న మాటకి కూడా అంతేనండి అన్నాడు."

ఎవరూ నవ్వలేదు. నా వెనక బెంచీ మీద భావనారాయణ లేచి నిలబడ్డాడు. అతను చెప్పబోయేది చెయ్యెత్తి ఆపేసి, పెద్దాయన కాగితం, కలం తెమ్మన్నారు. నా నడవడి గురించి నాలుగు ముక్కలు, నీలవేణి గురించి నిండా ఒక పేజీ రాశారు.

"అమ్మాయిని రేపటినుంచి రమ్మను జగన్నాధం. నా పక్కనే కూర్చుంటుంది. ఎవడేమంటాడో చూస్తాను."

జగన్నాధం గారు కాగితం తీసుకుని కళ్ళకి అద్దుకున్నారు. కళ్ళజోడు దారం తడిసిపోయింది.

ఆ సాయంత్రం ఇద్దరం పోస్టాఫీసుకి నడుస్తుంటే నేను ఉండబట్టలేక అడిగాను. "మద్రాసు సంగతి ఆయన చెవిలో ఒక్కసారి మీరే వేసి ఉంటే, మొదటి రోజే ఒప్పుకునేవారు కదా?"

"ఒప్పుకుందురు," అన్నారాయన. "అప్పుడు బయపడి ఒప్పుకుందురు. నా పిల్ల న్యాయం నేర్చుకోడానికి ఎల్తాది బాబూ ఆ గదికి. ఆ గడప బెదిరించి తొక్కితే, లోపలికెల్లి అదేటి నేర్చుకుంటాది?"

నేను బి.ఎల్. చదివినవాణ్ణి. కవరుకి తపాలా బిళ్ళలు అంటించి ఆయన చేతికిచ్చాను.